ట్యాంక్: ఒక ఇంగ్లిష్ మాట, కామారెడ్డి–ఎల్లారెడ్డి చెరువుల చరిత్ర

‘ట్యాంక్’ ఇంగ్లిష్ మాటగా చలామణి అవుతున్నా అది పుట్టింది ఇంగ్లండులో కాదు. 17వ శతాబ్దంలో పశ్చిమ తీరానికి వర్తకానికి వచ్చిన ఇంగ్లిష్ వాళ్లు గుజరాతీ, మరాఠీ జనం నోట విని ఈ మాట నేర్చుకున్నారు. నీళ్లు నిలవచేసే తొట్టిని మరాఠీలో ‘టాంకే’ అంటారు. వాళ్లకన్నా ముందే ఆ తీరంలో పాతుకుపోయిన పోర్చుగీసు వాళ్లకూ నిలవ నీటి గుంటకు దాదాపు ఇదే ధ్వని గల సొంత మాట ఉంది. ఆ మాటకు మూలం లాటిన్. 1886లో యూల్, బర్నెల్ వెలువరించిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ఈ రెండు మూలాలనూ చర్చించింది. రెండు పాయలు కలిసి ఒకే మాటగా స్థిరపడ్డాయని అనుకోవడమే సబబు. హైదరాబాదు ట్యాంక్‌బండ్ పేరులో ‘బండ్’ కూడా ఫార్సీ, హిందుస్తానీల నుంచి ఇంగ్లిష్‌లోకి వెళ్లినదే. హుస్సేన్‌సాగర్ కట్టకు ఇంగ్లిష్ పేరుగా చెప్పుకునే దానిలో రెండు ముక్కలూ ఇంగ్లిష్ వాళ్లు ఈ దేశంలో నేర్చుకున్నవే.

ఇక్కడ చెరువుకు పేరైన ఈ మాటకు ఇంగ్లండులో రేకు తొట్టి, పెట్టె అనే అర్థం బలపడింది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్లు ఉక్కు కవచం తొడిగిన కొత్త యుద్ధ వాహనాన్ని తయారు చేస్తూ, సంగతి బయటకు పొక్కకుండా దాన్ని నీళ్లు మోసే తొట్టి అని చెప్పుకున్నారు. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులోని సోమ్ యుద్ధరంగంలో అది మొదటిసారి కదిలింది. మారుపేరే అసలు పేరై నిలిచిపోయింది. ఆ తర్వాత పెట్రోలు ట్యాంక్, సెప్టిక్ ట్యాంక్, చేపల ట్యాంక్ వచ్చాయి. మేధావుల బృందానికి ‘థింక్ ట్యాంక్’ అనే పేరూ వచ్చింది.

ఇంగ్లిష్‌లో దీనికి పర్యాయపదాలుగా చూపే మాటలు నిజానికి ఒకదాని పని ఒకటి చేయవు. ‘సిస్టర్న్’ ఇంటి నీటి తొట్టి. ‘పాండ్’ చిన్న కుంట. ‘లేక్’ ప్రధానంగా సహజమైన సరస్సు. ‘రిజర్వాయర్’ అవసరానికి నీళ్లు దాచిపెట్టే పెద్ద జలాశయం. తెలంగాణ పల్లెల్లోనూ ఇంత తేడా ఉంది. ఇంటి ముందు సిమెంటు తొట్టి ‘హౌజు’. ఇది అరబ్బీ మాట, ఉర్దూ దారిన వచ్చింది. డాబా మీద ఉన్నది ‘టాంకీ’. ఎండాకాలం నీళ్లు తెచ్చేది ‘ట్యాంకర్’. గుడి దగ్గరిది కోనేరు లేదా గుండం, వాగులో లోతుగా నీళ్లు నిలిచే చోటు మడుగు, చిన్నది కుంట, పెద్దది చెరువు. ఎంత పెద్ద చెరువునైనా మించినదాన్ని ఇక్కడి జనం ‘ప్రాజెక్టు’ అంటారు. పోచారం ప్రాజెక్టు, నిజాంసాగర్ ప్రాజెక్టు అనడమే వాడుక. ‘సాగర్’ అంటే సముద్రం. కట్టించిన పాలకుడి ఘనతను చాటడానికి పెట్టిన పేరు అది.

ఇంగ్లిష్ ఫైళ్లలో చెరువు, కుంట రెండూ ‘ట్యాంక్’ పద్దు కిందికే వెళ్లాయి. ఈ కుదింపు వల్ల లెక్క సులువైంది కానీ చెరువు ఎలా పనిచేస్తుందో ఆ మాటలో కనిపించకుండా పోయింది. ట్యాంక్ అంటే నీళ్లు పట్టే పాత్ర, ఎంత పడుతుందన్నదే ప్రశ్న. చెరువు అంటే కట్ట, తూము, మత్తడి, శికం, ఆయకట్టు కలిసిన ఏర్పాటు. వీటిలో ఏది చెడినా చెరువు చెడినట్టే.

తూమునే దగ్గరగా చూస్తే సంగతి తెలుస్తుంది. పాత తూముల్లో కట్ట లోపలి వైపు నీళ్లలో రెండు రాతి స్తంభాలు నిలబెట్టి, వాటి మధ్య అడ్డరాళ్లు పెట్టేవారు. అడ్డరాళ్లకు తొలిచిన రంధ్రాల గుండా ఒక పొడవాటి కర్ర కిందికి దిగుతుంది. దాని కొసన ఉన్న బిరడా అడుగున నీటి కన్నాన్ని మూస్తుంది. చెరువు నీళ్లు వదిలే పనివాడైన నీరటి నీళ్లలోకి దిగి కర్రను పైకి లేపితే కాలువకు నీళ్లు వదులుతాయి. ఎంత ఎత్తు లేపాలి, ముందు ఏ మడికి పారాలి, ఏ రోజు కట్టేయాలి అన్నవి అతనికి కంఠతా. చెరువు నిండి మిగులు నీళ్లు పొర్లే రాతి కట్టడం మత్తడి. దీన్నే కలుజు, అలుగు అని కూడా అంటారు. ‘చెరువు మత్తడి దుంకింది’ అన్న వార్త ఊరికి పండుగ కబురు. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మత్తడి దుంకిన నీళ్లే కింది చెరువుకు ఆదరువు. నీళ్లు నిలిచే నేల శికం. ఫార్సీలో శికం అంటే కడుపు, ఆ మాట నిజాం కాలపు రెవెన్యూ కాగితాల నుంచి రైతు నోటికి దిగింది. చెరువు కింద సాగయ్యే భూమి ఆయకట్టు. ఈ మాట మాత్రం ఎదురు ప్రయాణం చేసింది. భారతీయ ఇంగ్లిష్ నీటిపారుదల పత్రాల్లో అది నేటికీ ‘ఆయకట్’గా ఉంది.

యుద్ధ ట్యాంక్ కదిలిన 1916లోనే మంజీరకు ఉపనది అయిన ఆలేరు వాగు మీద పోచారం కట్ట పని మొదలై 1922లో ముగిసింది. మరుసటి ఏడే, ఎల్లారెడ్డి, బాన్సువాడల మధ్య అచ్చంపేట దగ్గర మంజీర మీద నిజాంసాగర్ పని మొదలైంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో సాగిన ఆ పని 1931లో పూర్తయింది. దాని వెనక ఉన్న ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన జన్మదినమైన జులై 11ను తెలంగాణ ఇంజినీర్ల దినంగా పాటిస్తోంది. దాదాపు 2.75 లక్షల ఎకరాల కోసం కట్టిన ఆ జలాశయానికి మొదట్లో సుమారు 29.7 టీఎంసీల నీళ్లు పట్టేవి. పూడిక చేరి అది 17.8 టీఎంసీలకు తగ్గింది. పాత్రగా లెక్కపెట్టినా, చెరువుగా చూసినా పూడిక తియ్యక తప్పదని ఈ రెండు అంకెలు చెబుతాయి.

ఊరి చెరువుల్లో ఆ పని పూర్వం రైతులే చేసుకునేవారు. ఎండాకాలం ఒండ్రు తవ్వి బండ్లతో పొలాలకు తోలుకునేవారు. చెరువుకు లోతు దక్కేది, మడికి ఎరువు దక్కేది. ఊరి కట్టుబాట్లు సడలి, బోర్లు పెరిగిన కొద్దీ ఇది ఆగిపోయింది. 2015 మార్చి 12న సదాశివనగర్ చెరువులో అప్పటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖర్ రావు మిషన్ కాకతీయ ప్రారంభించారు. అప్పటికి ఆ ఊరు నిజామాబాద్ జిల్లాలో ఉంది, 2016 అక్టోబరులో ఏర్పడిన కామారెడ్డి జిల్లాలోకి తర్వాత వచ్చింది. రాష్ట్రంలో లెక్కకు వచ్చిన 46 వేలకు పైగా చెరువులు, కుంటల పునరుద్ధరణ ఆ పథకం లక్ష్యం. తీసిన మట్టిని రైతులు మళ్లీ పొలాలకు తోలుకోవాలన్నది దాని ఆయువుపట్టు.

‘ట్యాంక్’ చేరిన తాజా మజిలీ ‘ఎఫ్‌టీఎల్’. ఫుల్ ట్యాంక్ లెవెల్ అన్న మూడు మాటల పొడి అక్షరాలివి. చెరువుల కబ్జాల మీద రగడ మొదలయ్యాక ఇవి పత్రికల్లో రోజూ కనిపిస్తున్నాయి. తెలంగాణ భవన నిర్మాణ నిబంధనల్లో 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు ఖాళీ వదలాలని ఉంది. ఆ హద్దు గీసే కొలత మళ్లీ మత్తడి దగ్గరే మొదలవుతుంది. మత్తడి పైకొన ఎంత ఎత్తున ఉందో అంత ఎత్తులో చెరువు చుట్టూ సమమట్టం గీత తిరిగితే అదే ఎఫ్‌టీఎల్. ఎవరైనా మత్తడిని నాలుగు అంగుళాలు పగలగొడితే నీటి మట్టం దిగుతుంది, అంచున ఉన్న శికం భూమి తేలుతుంది. చదునైన చోట అది ఎకరాలకు ఎకరాలు ఉంటుంది. పాత నక్షాలో మత్తడి ఎత్తు నమోదై ఉన్న చెరువుకు ఆ అంకెతో హద్దు మళ్లీ నిలబెట్టవచ్చు. నమోదు లేనిచోట కట్ట మీది పాత రాళ్లను, తూము స్తంభాలను, ముసలి నీరటి జ్ఞాపకాన్ని ఆధారం చేసుకోవలసి వస్తుంది.