ఖాళీ ఆఫీసుల్లో కాపురాలు

(హమ్రియాలో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రువీ వైపు నుంచి వచ్చినవాళ్లు దారిలో ఖాళీ ఆఫీసుల అద్దాల మీద 'అద్దెకు' బోర్డులు చూసే ఉంటారు. "ఇన్ని ఖాళీగా ఉండగా మనవాళ్లు ఒక్కో గదిలో ఎనిమిదేసి మంది ఎందుకుండాలి? వాటినే ఇళ్లుగా మార్చొచ్చు కదా" అని పోయిన నెల ఒక మిత్రుడు అడిగాడు. మంచి ప్రశ్నే. న్యూయార్క్‌లో మార్చారు. కెనడాలోని కాల్గరీ నగరమైతే 2021లో చదరపు అడుగుకు 75 డాలర్ల సాయం ప్రకటించి మరీ మార్పించింది.

అయితే నా అనుభవం వేరు. ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో అమీర్‌పేటలో నేనున్న హాస్టల్ అంతకుముందు ఒక ఆఫీసు. ప్లైవుడ్ అడ్డం పెట్టి ఒక హాలును తొమ్మిది గదులు చేశారు. కిటికీలు రెండింటికే. బాత్‌రూములు ఆఫీసు నాటివే, లిఫ్టు పక్కన రెండు. పొద్దున్నే అక్కడి క్యూ చూస్తే రేషన్ షాపు గుర్తొచ్చేది. మస్కట్ వచ్చిన కొత్తలో ఈ హమ్రియాలోనే బెడ్ స్పేస్ తీసుకున్నాను. ఇక్కడా అదే ప్లైవుడ్! కిటికీ పక్క మంచానికి ఐదు రియాళ్లు ఎక్కువ. అంటే మార్పిడి ఎప్పుడో మొదలైంది, అడిగేవాడు లేకుండా.

అనుమతి ఇచ్చేస్తే సరిపోతుందా? ఇంగ్లండ్ 2013లో పూర్తి ప్లానింగ్ అనుమతి లేకుండానే ఆఫీసులను ఇళ్లుగా మార్చుకోనిచ్చింది. 2020లో ప్రభుత్వమే చేయించిన అధ్యయనంలో, ఆ దారిన వచ్చిన ఇళ్లలో జాతీయ విస్తీర్ణ ప్రమాణాలకు సరితూగినవి 22 శాతమే. మామూలు అనుమతితో వచ్చినవాటిలో 73 శాతం. కొన్నిటికి అసలు కిటికీయే లేదు. వెలుతురు, విస్తీర్ణం నిబంధనలు ఆ తర్వాతగానీ రాలేదు.

ఆఫీసు కట్టడమే వేరండీ. అంతస్తు లోతుగా ఉంటుంది, మధ్యకు వెలుతురు చేరదు. నీళ్ల పైపులన్నీ ఒక్కచోటే. చాలా భవనాల్లో అద్దాలు తెరుచుకోవు. జూన్‌లో ఏసీ ఆగితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

ఇక నిప్పు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులుండే భవనం అంటుకుని 45 మంది భారతీయులు పోయారు. అందులో ముగ్గురు ఆంధ్రులు. గదుల మధ్య అడ్డాలు త్వరగా అంటుకునే సామగ్రితో పెట్టారని అక్కడి అధికారులే చెప్పారు. అది ఆఫీసు భవనం కాదు, నిజమే. కానీ ఆ అడ్డాలు మనకు తెలియనివా?

ఇక్కడి చట్టాల జోలికి మనం పోలేం. మన రాష్ట్రాల్లో అడగొచ్చు. మనలో కొందరు హైదరాబాద్‌లో, విశాఖలో ఆఫీసు స్థలాలు కొన్నారు (నేనూ కొన్నాను, దాని ఈఎంఐ సంగతి ఇప్పుడొద్దు). ఆఫీసును హాస్టల్‌గానో ఇల్లుగానో మార్చేముందు ప్రతి గదికీ తెరుచుకునే కిటికీ, రెండో మెట్లదారి, మనుషుల లెక్కకు తగ్గ బాత్‌రూములు ఉండాలనీ, తనిఖీ నివేదిక గుమ్మం దగ్గర అంటించాలనీ రెండు ప్రభుత్వాలకూ వినతిపత్రం రాశాం. ఇది అమలైతే మన చేతికొచ్చే అద్దె తగ్గుతుంది, దాచేదేమీ లేదు. అభ్యంతరం ఉన్నవాళ్లు సంతకాలకు ముందే చెప్పండి, మాట్లాడుకుందాం.