పేరు లేని ఉత్తరం



మన కార్యక్రమానికి వచ్చే ఉత్తరాల్లో ఒక రకం ఉత్తరం ఉంటుంది. "ఒక సహోదరి ఆరోగ్యం కొరకు ప్రార్థించండి." అంతే. ఆమె పేరుండదు, ఊరుండదు, జబ్బు ఏమిటో ఉండదు. మొదట్లో తొందరలో వ్రాశారేమో అనుకునేవాడిని. కాదని తరువాత తెలిసింది. ఆ ఇంట్లో పెండ్లి కావలసిన ఆడపిల్ల ఉంటుంది. "వాళ్లమ్మకు క్యాన్సరట" అనే మాట సంబంధాల వాళ్ల చెవిన పడకూడదు. అందుకని పేరు వ్రాయరు.

ఈ ఉదయం మీకు అటువంటి పేర్లను గుడ్డ మీద వ్రాయించుకొని కొండ ఎక్కిన మనిషి సంగతి చెబుతాను.

ఆయన పేరు షాన్ స్వార్నర్. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో 1974లో పుట్టాడు. పదమూడేళ్లప్పుడు హాడ్జ్‌కిన్ వ్యాధి అనే క్యాన్సర్, అదీ నాలుగవ దశలో, బయటపడింది. మూడు నెలలే అన్నారు. ఆ పిల్లవాడు స్నానాలగదిలో నేల మీద కూర్చుని, నీళ్లు పోయే తూము దగ్గర రాలిన తన జుట్టును ఏరుకున్న రోజును తానే తరువాత ఎన్నో సభల్లో చెప్పాడు. మందులతో బ్రతికాడు. పదహారేళ్లకు మొదటి దానితో సంబంధం లేని మరో క్యాన్సర్ వచ్చింది. ఈసారి రెండు వారాలన్నారు. అప్పుడు ఇచ్చిన రేడియేషన్ వల్ల ఒక ఊపిరితిత్తి పనికిరాకుండా పోయింది.

ఒక ఊపిరితిత్తితో మేడమెట్లు ఎక్కడమే కష్టం. ఈయన ఎవరెస్టు ఎక్కుతానన్నాడు. కొలరాడోలోని లాంగ్స్ పీక్ అనే కొండ దగ్గర మకాం పెట్టి, వీపుసంచిలో రాళ్లు నింపుకొని ఎక్కుతూ దిగుతూ శరీరాన్ని సిద్ధం చేసుకున్నాడు. తమ్ముడు సేత్ వెంట ఉండి, నేపాల్‌లో కొండ అడుగున ఉన్న శిబిరంలో కనిపెట్టుకొని ఉన్నాడు. 2002 మే 16న షాన్ శిఖరం మీద నిలబడ్డాడు. ఆ ఎత్తు అప్పటి లెక్కలో 8,848 మీటర్లు. 2020లో నేపాల్, చైనా కలిసి 8,848.86 అని ప్రకటించాయి. అక్కడ గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉన్నదానిలో మూడవ వంతే. రెండు ఊపిరితిత్తులూ బాగున్నవారే మొహానికి ఆక్సిజన్ ముసుగు తగిలించుకొని ఎక్కే చోటు.

అన్నదమ్ములిద్దరూ క్యాన్సర్ రోగుల కోసం ఒక సేవాసంస్థ పెట్టారు. షాన్ కొండలెక్కేటప్పుడు క్యాన్సర్ బారినపడినవారి పేర్లున్న జెండా పట్టుకెళ్తాడు. ఆఫ్రికాలోని కిలిమంజారోకు, 5,895 మీటర్ల ఎత్తుకు, క్యాన్సర్ నుండి తేరుకున్నవారిని వెంటబెట్టుకొని వెళ్తూ వచ్చాడు. అక్కడి టాంజానియా దారిచూపేవాళ్లు "పోలే పోలే" అంటూ ఉంటారట. మన చెవికి "పోనీలే" అన్నట్టుంటుంది గాని, స్వాహిలీలో దానికి అర్థం "మెల్లగా, మెల్లగా". తొందరపడి ఎక్కినవాడికి తలనొప్పి, వాంతులు మొదలవుతాయి. అప్పటికీ ఆగకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

ఇక్కడ మీలో ఒకరు అడుగుతారు: "అయ్యా, కొండ ఎక్కితే క్యాన్సర్ తగ్గుతుందా?" తగ్గదు. షాన్‌ను బ్రతికించింది వైద్యం. కొండ ఆ తరువాత వచ్చింది. డాక్టరును అడగకుండా ఎవరూ ఇటువంటివాటికి బయలుదేరవద్దు. మరొకరు, లెక్కలు చూసే మనిషి, "చందా డబ్బు వాళ్ల ప్రయాణానికే సరిపోతుందేమో?" అంటారు. అదీ న్యాయమైన ప్రశ్నే. ఇచ్చేముందు అడగండి, దారి ఖర్చు ఎవరిది, రోగులకు చేరేది ఎంత అని. మంచి సంస్థ చెప్పడానికి వెనుకాడదు.

మూడవ ప్రశ్న అడిగేవారు గట్టిగా అడగరు. "ఆయన బాగుపడ్డాడు. మా ఇంటావిడ బాగుపడలేదే?" అమ్మా, అయ్యా, మీ కోసమే జేన్ టామ్లిన్సన్ సంగతి చెబుతాను. ఇంగ్లండులోని లీడ్స్ పట్టణస్థురాలు, ముగ్గురు బిడ్డల తల్లి. ఇరవై ఆరేళ్లకే రొమ్ము క్యాన్సర్. 2000లో అది ఎముకలకు పాకింది, ఇక నయం కాదన్నారు. ఆమె తనకు నయమైందని ఎన్నడూ చెప్పలేదు. 2002లో లండన్ మారథాన్ పరుగెత్తింది. 2006లో శాన్‌ఫ్రాన్సిస్కో నుండి రాకీ పర్వతాలు దాటి న్యూయార్కు వరకు, సుమారు 6,700 కిలోమీటర్లు సైకిలు తొక్కింది. ఆ ప్రయాణంలో ఆమె నొప్పితో బాధపడుతూనే తొక్కింది, నవ్వుతూ కాదు. పద్దెనిమిది లక్షల పౌండ్లకు పైగా సేవాసంస్థలకు పోగుచేసింది. 2007 సెప్టెంబరు 3న, నలభై మూడేళ్ల వయసులో చనిపోయింది.

వీరిద్దరిలో ఒకరు బ్రతికారు, ఒకరు చనిపోయారు. జబ్బు పేరును మాత్రం ఇద్దరూ దాచలేదు. నాకు ఆ కొండల కంటె అదే పెద్ద ఎత్తుగా కనబడుతుంది. మన దగ్గర రొమ్ములో గడ్డ తగిలిన తల్లి, మొదట కూతురికి కూడా చెప్పదు. పసుపు రాస్తుంది, పట్టు వేస్తుంది, పండుగ వెళ్లనీ అంటుంది, కోతలు అవనీ అంటుంది. నొప్పి లేదు గదా అనుకుంటుంది. నొప్పి లేని గడ్డను కూడా డాక్టరుకు చూపించవలసిందేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చిన్నగా ఉన్నప్పుడు పట్టుకుంటే చికిత్స తేలిక, బ్రతికే అవకాశం ఎక్కువ. ఆ నెలలన్నీ సిగ్గుకే ఇచ్చేస్తున్నాము.

ఈ మాటలు వింటున్న సహోదరీ, నీ చేతికి ఏదైనా తగిలి, ఎవరికీ చెప్పకుండా ఉన్నావా? ఈ రోజు ఒక్కరికి చెప్పు. భర్తకు గాని, చెల్లెలికి గాని, ప్రక్కింటి అక్కకు గాని. సోమవారం ఆసుపత్రికి ఆమెను తోడు రమ్మని అడుగు. భర్తలారా, ఆమె చెప్పినప్పుడు "ఎవరితోనూ అనకు" అన్నది మీ మొదటి మాట కాకూడదు.

మాకు ఉత్తరం వ్రాసేటప్పుడు, మీకు ఇష్టమైతే, ఈసారి పేరు కూడా వ్రాయండి. రేడియోలో చదవము. మా బల్ల మీద మాత్రం ఉంటుంది. వచ్చే వారం ఇదే సమయానికి కలుసుకుందాము.