చేతిలో పట్టే గేమింగ్ పీసీ: కొనే ముందు ఈ లెక్క చూడండి

"అన్నా, ఆర్ఓజీ అలై తీసుకోమంటావా?" అని చాలామంది అడుగుతున్నారు. రోజూ వాడుతున్నా కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తా.

2023లో వచ్చిన మొదటి మోడల్ నాది. బ్యాటరీ 40 వాట్ అవర్స్. టర్బో మోడ్‌లో ప్రాసెసర్‌కే 25 వాట్ల దాకా పోతాయి. స్క్రీన్, ఫ్యాన్లు, వైఫై దీనికి అదనం. అంటే పెద్ద గేమ్ పెడితే గంట, మహా అయితే ఇంకాస్త.

అందుకే బస్సులో నేను టర్బో జోలికి పోను. 10 వాట్ల సైలెంట్ మోడ్, రిజల్యూషన్ 720పీ, ఫ్రేమ్స్ 40కి లాక్. 7 అంగుళాల స్క్రీన్ మీద తేడా పెద్దగా తెలీదు. హాలో నైట్ లాంటి టూడీ గేమ్స్ హాయిగా నడుస్తాయి. ఎల్డెన్ రింగ్ మాత్రం ఇంట్లో, ప్లగ్ పక్కనే.

బరువు 608 గ్రాములు, దాదాపు మూడు ఫోన్లంత. పడుకుని ఆడితే చేతులు లాగేస్తాయి, కింద దిండు పెట్టుకోండి. మామూలు ఫోన్ పవర్ బ్యాంక్ కూడా దీనికి ఆనదు. ఆడుతూ ఛార్జ్ ఎక్కాలంటే 65 వాట్ల టైప్-సీ పీడీది కావాలి.

చివరిగా ఒక్క మాట. మన దగ్గర దీని లాంచ్ ధర 69,990 రూపాయలు. కాలేజీకి ల్యాప్‌టాప్ లేనివాళ్లు "ఇదీ పీసీయే కదా" అని ఇంట్లో ఒప్పించకండి. విండోస్ ఉంది నిజమే, కీబోర్డ్ లేదు. ప్రాజెక్ట్ రిపోర్ట్ దీంట్లో టైప్ చేయాలంటే చుక్కలు కనిపిస్తాయి. ముందు ల్యాప్‌టాప్, తర్వాతే ఇది.