తాళి, ఉమ్మి, డప్పు: విశ్వాసం గట్టు మీద మూడు వందల ఏళ్ళు



మా మాస్టారి పేరున ఏటా జరిగే ఈ సభలో మాట్లాడే అవకాశం నాకు దక్కడం పెద్ద గౌరవం. క్రైస్తవ విశ్వాసంలోకి అన్యమత భావాలు కలిసిపోకుండా చూసుకోవడం ఎలా అన్నది ఆయన్ను జీవితాంతం వెంటాడిన ప్రశ్న. పెళ్ళిలో తాళి ఉండవచ్చా, సమాధుల దగ్గర దీపాలు పెట్టవచ్చా అని ఎవరు వచ్చి అడిగినా, ఆ ఆచారం సంఘంలో ఎవరిని దగ్గరికి తెస్తోంది, ఎవరిని దూరం పెడుతోంది అని ఆయన ఎదురు అడిగేవారు. నా పరిశోధన ఆ ఎదురు ప్రశ్న దగ్గరే మొదలైంది.

యెరూషలేములో అపొస్తలుల సభ, కొరింథులో విగ్రహాలకు అర్పించిన మాంసం గొడవ మీకు తెలిసినవే. 1599లో ఉదయంపేరూరు సభ మలబారు సిరియా క్రైస్తవుల ఆచారాలను ఎలా కత్తిరించిందో కేరళ చరిత్రకారులు విస్తారంగా రాశారు. నేను తిన్నగా మదురైకి వస్తాను.

1606లో ఇటలీకి చెందిన యేసుసభ గురువు రాబర్ట్ డి నొబిలి మదురై చేరాడు. అప్పుడు ఏలుతున్నది తెలుగు మాట్లాడే నాయక రాజులు. ఆయన తమిళం, తెలుగు, సంస్కృతం నేర్చాడు, కాషాయం కట్టాడు, మాంసం మానేశాడు, సన్యాసిగా బతికాడు. చేరిన పై కులాల వారిని జంధ్యం, పిలక, గంధపు బొట్టు ఉంచుకోనిచ్చాడు. అంతకుముందే పదేళ్ళుగా అక్కడ ఉన్న గొంసాలో ఫెర్నాండెజ్ అనే యేసుసభ గురువు ఇది విగ్రహారాధనేనని ఫిర్యాదు చేశాడు. 1619లో గోవాలో విచారణ సభ జరిగింది. 1623లో పోపు పదిహేనవ గ్రెగొరీ నొబిలి పక్షాన అనుమతి ఇచ్చాడు.

నొబిలి గీసిన గీత ఇది: ఆరాధనకు సంబంధించినది వదలాలి, లోకమర్యాదకు సంబంధించినది ఉంచుకోవచ్చు. మంచి గీతే. అది లేకపోతే విశ్వాసిగా మారడమంటే పరంగిగా మారడమే అయ్యేది. అయితే కులం ఆ గీతకు ఏ వైపు పడింది? లోకమర్యాద వైపు పడింది. దాని ఫలితంగా, అంటరానివారిగా చూసిన పరయల ఇంట సన్యాసి గురువు అడుగుపెడితే పై కులాల వారు విడిచిపోతారన్న భయం మిషను నియమంగా మారింది. 1640 నుంచి కింది కులాల కోసం పండారస్వాములనే వేరే వరుస గురువులను పెట్టారు. ఒకే క్రీస్తు, ఒకే జ్ఞానస్నానం, రెండు రకాల గురువులు.

ఇక 1704. నేను ఎక్కువ కాలం గడిపినది ఈ ఏడాదితోనే. పోపు రాయబారి టూర్నాన్ చైనాకు వెళ్తూ 1703 నవంబరులో పుదుచ్చేరిలో దిగాడు. జబ్బుపడి ఊరు దాటలేదు. 1704 జూన్ 23 తేదీతో పదహారు అంశాల ఆజ్ఞాపత్రం ఇచ్చాడు. జ్ఞానస్నానంలో ఉమ్మి, ఉప్పు వాడకం మానకూడదు. పిళ్ళైయార్ (వినాయకుడి) బొమ్మ ఉన్న తాళి కట్టకూడదు. పెళ్ళిలో కొబ్బరికాయ కొట్టే తంతు ఉండకూడదు. ఆడపిల్ల పెద్దమనిషి అయితే పండగ చేయకూడదు, ముట్టులో ఉన్న స్త్రీని గుడికీ పాపసంకీర్తనానికీ దూరం పెట్టకూడదు. హిందూ గుళ్ళ ఉత్సవాల్లో క్రైస్తవులు వాయిద్యాలు వాయించకూడదు. వీటన్నిటితో పాటు, జబ్బుపడిన పరయల దగ్గరికి గురువు వారి ఇంటికే వెళ్ళాలి.

మన సంస్కృతిలో విశ్వాసం వేళ్ళూనాలని కోరే పండితులు ఈ పత్రాన్ని ఒక విదేశీయుడి అజ్ఞానంగా కొట్టిపారేస్తారు. భాష రాదు, ఎనిమిది నెలలు గది దాటలేదు, యేసుసభ అంటే గిట్టని కపుచిన్ సభ గురువుల మాటలు విన్నాడు అంటారు. వారి పుస్తకాలను గౌరవంతోనే చదివాను, వారితో ఎన్నో సభల్లో వాదించాను. ఈ ఒక్క విషయంలో వారు తప్పు. టూర్నాన్ సమాచారం అడిగింది బూషే, బెర్తోల్డి అనే ఇద్దరు యేసుసభ గురువులనే. ఇద్దరూ మదురై మిషనులో మునిగి తేలినవారు. ఆజ్ఞ వెలువడ్డాక యేసుసభ వారు గట్టిగా అభ్యంతరం చెప్పిన మాట నిజం. పరయల ఇళ్ళకు సన్యాసి గురువులు వెళ్ళడం లేదన్న వాస్తవాన్ని మాత్రం వారు కాదనలేదు. వెళ్తే మిషను కూలుతుందని వాదించారు.

ఉమ్మి సంగతి ఎత్తితే ఈ పండితులు నవ్వుతారు. ఎంగిలి అంటే ఏమిటో తెలియనివాడు రాసిన రాత అంటారు. నేను ఆ నవ్వులో కలవలేను. మార్కు సువార్తలో క్రీస్తు చెవిటివాణ్ణి పక్కకు తీసుకెళ్ళి, చెవుల్లో వేళ్ళు పెట్టి, ఉమ్మి వేసి నాలుక ముట్టుకుంటాడు. జ్ఞానస్నానంలోని ఆ తంతు ఆ ముట్టుకోవడానికి గుర్తు. ఎంగిలి అంటుతుందన్న భయంతో దాన్ని తీసేస్తే, మైల అనే భావం సంస్కారం లోపలికే వచ్చి కూర్చుంది. కొబ్బరికాయ పగిలితే చిప్పలు ఊడ్చేయవచ్చు. మనిషి మనిషికి మైల అన్న నమ్మకం లోపలికి వస్తే ఏ చీపురుతో ఊడుస్తాం? విశ్వాసాన్ని నిజంగా కలుషితం చేసిన మిశ్రమం ఇదే. దీన్ని ముట్టుకున్నందుకే ఆ పత్రం అంత అలజడి రేపింది.

ఆ పత్రాన్ని నెత్తిన పెట్టుకునే రెండో పక్షంతోనూ నాకు పేచీ ఉంది. వారికి తాళి, బొట్టు, కొబ్బరికాయ కనిపిస్తాయి, పరయల ఇంటి గడప కనిపించదు. రోము కూడా చివరికి అదే చేసింది. 1744లో పోపు పద్నాలుగవ బెనెడిక్టు ఆజ్ఞను మళ్ళీ ఖాయం చేసి, మిషనరీలందరి చేత ప్రమాణం చేయించాడు. పరయల కోసం వేరే గురువులను పెట్టుకుంటామన్న యేసుసభ ప్రతిపాదనను మాత్రం ఒప్పుకున్నాడు. తంతుల మీద కట్టుదిట్టం, కులానికి వెసులుబాటు. ఆ ప్రమాణం 1940 దాకా ఉంది.

ఈ కాలంలోనే పుంగనూరు, కృష్ణాపురం వైపు ఫ్రెంచి యేసుసభ వారి కర్ణాటక మిషను తెలుగులో పనిచేసింది. కాల్మెత్ వేదాల ప్రతులను పారిస్‌కు పంపాడు, కూర్డూ తెలుగు నిఘంటువు కూర్చాడు, మంగళగిరి ఆనందకవి వేదాంత రసాయనం రాశాడు. అది వేరే ఉపన్యాసానికి సరిపడే సంగతి. ప్రొటెస్టెంటుల తొలి కాలాన్నీ దాటవేస్తాను.

ఒంగోలు దగ్గర మాత్రం ఆగాలి. 1866లో ఎర్రగుంట్ల పేరయ్య జ్ఞానస్నానం పొందాక మాదిగ పల్లెలు కదిలాయి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ అడిగినవి మూడు: ఆదివారం పని వద్దు, చచ్చిన పశువు మాంసం వద్దు, విగ్రహాలకు మొక్కవద్దు. విగ్రహం వద్దంటే అమ్మవారి జాతరలో డప్పు కొట్టడం కూడా కుదరదు. 1704 పత్రంలో వాయిద్యాల అంశం కాగితం మీద ఒక పంక్తి. ఇక్కడ అది బతుకు. డప్పు దించిన మాదిగలకు ఊళ్ళో పని ఆగింది, పశువులను బీళ్ళలోకి రానివ్వలేదు, దెబ్బలు పడ్డాయి. అయినా డప్పు ఎత్తలేదు. కరువు నడిమిలో 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది జ్ఞానస్నానం పొందారు. విశ్వాసాన్ని కాపాడుకోవడానికి మదురైలో పై కులాల వారికి సడలింపులు దొరికాయి. ఒంగోలులో మాదిగలు మూల్యం చెల్లించారు. మన సంఘ చరిత్రలు ఈ రెంటినీ ఒకే పేజీలో పెట్టి చదవవు. పెట్టాలి.

అధ్యక్షులు సమయం గుర్తు చేస్తున్నారు. మిగతాది త్వరగా చెబుతాను. 1938లో తాంబరం ప్రపంచ మిషనరీ సభ ముందు హెండ్రిక్ క్రేమర్ క్రీస్తు సందేశానికీ ఇతర మతాలకూ మధ్య పూడ్చలేని తేడా ఉందని పుస్తకం రాశాడు. నెల్లూరులో పుట్టిన పి. చెంచయ్య మిత్రులతో కలిసి దానికి బదులిచ్చాడు. రెండో వాటికన్ సభ తర్వాత 1969లో హారతి, అంజలి, నేల మీద కూర్చోవడం లాంటి పన్నెండు అంశాలను కథోలిక పూజలోకి రానిచ్చారు. ఇది బ్రాహ్మణ ఆచారాన్నే భారతీయత అనడం కాదా అని దళిత క్రైస్తవ వేదాంతులు అడిగారు. నాకు అది సరైన ప్రశ్న అనిపిస్తుంది. 2016లో భారత కథోలిక బిషప్పుల సమాఖ్య దళిత సాధికారత విధానం ప్రకటించి, సంఘంలో అంటరానితనం ఉందని ఒప్పుకుంది.

ఆ విధాన పత్రాన్నీ 1704 నాటి పదహారు అంశాలనూ పక్కపక్కన అచ్చువేసి, తెలుగులో, మన వేదాంత కళాశాలల్లో మొదటి ఏడాదిలోనే పాఠంగా పెట్టాలని ఈ సభను కోరుతున్నాను. అనువాదం పని నేను చేస్తాను.