ఎదురుకోలు



2011వ సంవత్సరము వేసవిలో నా పూర్వశిష్యు డొకడు, ప్రొద్దుటూరులో మగ్గము నేయువాడు, నన్ను వెదకికొని వచ్చెను. ఆ మే 21వ తేదీన విశ్వాసులు ఆకాశమునకు కొనిపోబడుదురని అమెరికాలో హెరాల్డ్ క్యాంపింగ్ అను ప్రబోధకుడు రేడియోలో చాటుచుండిన దినము లవి. "అయ్యవారూ, పిల్ల పెండ్లి జూన్ నెలలో పెట్టుకొంటిమి. చేబదులు తెచ్చిన సొమ్ము పందిటికి ఖర్చుపెట్టుదునా, వద్దా?" అని యడిగెను. కొంత తడవూరకుండి, "మా యమ్మ పోయి మూడు నెలలైనది. ఆ దినమున ఆమె వెనుకబడిపోదు గదా!" అనెను. ఈ రెండవ మాట నా మనస్సును పట్టుకొన్నది.

నేను క్రైస్తవుడను గాను. వ్యాకరణము, కావ్యములు చదివి పిల్లలకు తెలుగు చెప్పినవాడను. అయినను ఇది 1822 మొదలుకొని లండన్ మిషనువారు పనిచేసిన సీమ. జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రి వారు నిలిపినదే. శిష్యులలో ఆ మతస్థులు పలువు రుండుటచే వారి గ్రంథమును వారితోడనే చదివితిని. బ్రహ్మంగారి మఠ మున్న జిల్లాలో "ఎప్పుడు?" అను ప్రశ్న యెవరికిని క్రొత్త గాదు.

ఈ కొనిపోబడుట థెస్సలొనీకవారికి పౌలు వ్రాసిన మొదటి పత్రికలో, నాలుగవ అధ్యాయమున నున్నది. అచ్చట కొందరు మృతిచెందగా బంధువులు దుఃఖించుచుండిరి. మృతులే మొదట లేతురు, తరువాతనే బ్రదికియున్నవారు వారితో గలిసి ప్రభువును ఎదుర్కొన మేఘములలోనికి పోవుదురు అని పౌలు వారి నోదార్చెను. అనగా మావాని తల్లి వెనుకబడదు. వానికంటె ముందే యుండును. ఆ మాట చెప్పగానే వాడు కన్నులు తుడుచుకొనెను.

ఇక కాలమునుగూర్చి. మహాశ్రమకు ముందే యీ కొనిపోబడుట యని కొందరు, నడుమ నని కొందరు, పిమ్మట నని కొందరు. మొదటి పక్షమును పందొమ్మిదవ శతాబ్దమున జాన్ నెల్సన్ డార్బీ శాస్త్రముగా నిలిపెను. 1909లో వెలువడిన స్కోఫీల్డు బైబిలు దానిని లోకమంతట వ్యాపింపజేసెను. శోధనకాలమునుండి కాపాడుదునని ప్రకటన గ్రంథము మూడవ అధ్యాయములోని వాగ్దానము వారికి బలము. మత్తయి యిరువదినాలుగవ అధ్యాయమున శ్రమ ముగిసిన పిమ్మటనే యేర్పరచబడినవారిని పోగుచేయుట కలదని మూడవ పక్షమువారి యుత్తరము.

నాకు ఎదుర్కొనుట యను పదముపై దృష్టి నిలిచినది. గ్రీకుమూలమున నిది అపాంతేసిస్. ఆ మాటయే పదిమంది కన్యకల కథలో పెండ్లికుమారుని యెదుటికి పోవుటకును, అపొస్తలుల కార్యముల తుదిని రోమాపురి సహోదరులు పౌలునకు ఎదురువచ్చుటకును వాడబడినది. ఆ సహోదరులు పౌలుతో మరల నెచ్చటికి పోయిరి? తమ పట్టణమునకే గదా! మన ఎదురుకోలును అంతియే. ఊరి పొలిమేరకు పోయి, మగపెండ్లివారిని మర్యాదతో మన యింటికే తోడ్కొనివత్తుము. వారివెంట వారి యూరికి పోము. అందుచే నా మనస్సు మూడవ పక్షమునకు మొగ్గును. అయినను నిఘంటువు పంచాంగము గాదు. ఎదుర్కొన్న పిమ్మటి త్రోవ ఆ వాక్యములో లేదని మొదటి పక్షమువా రందురు. ఆ మాటను నేను త్రోసివేయజాలను.

తేదీ చెప్పువారితో మాత్రము నాకు పొత్తు కుదరదు. ఆ దినము దేవదూతలకును, కుమారునికిని గూడ తెలియదని మత్తయి వ్రాసెను. కుమారుడే యెరుగనిది రేడియో ప్రబోధకున కెట్లు తెలిసెను? 1844లో అక్టోబరు 22వ తేదీకై కాచుకొన్న విలియం మిల్లరు శిష్యులును ఇట్లే వంచితులైరి. థెస్సలొనీకలో పని మాని తిరుగువారిని పౌలు రెండవ పత్రికలో గట్టిగా మందలించెను. పందిటికి సొమ్ము పెట్టుమని నేను చెప్పితిని.

మే 21 గడచినది. క్యాంపింగ్ అక్టోబరునకు మార్చెను. 2012లో తన తప్పు నొప్పుకొనెను. మావాని పెండ్లి జూన్ నెలలోనే జరిగినది. మతము మారినను పెండ్లి మర్యాదలు మారలేదు. పులివెందులనుండి మగపెండ్లివారి బస్సు వచ్చి వీధి మొదట నిలువగానే వాడు నా చేయి పట్టుకొని, "పదండి అయ్యవారూ, ఎదుర్కొని తోడ్కొనివత్తము" అనెను.