ఒడిలో పాట – పసిబిడ్డకు మొదటి బడి



ఈ రోజు పాట గురించి మాట్లాడమని నన్ను కోరారు. మందులు, టీకాల గురించి చెప్పవలసిన చోట పాట ఏమిటని మీకు అనిపించవచ్చు. నేను కొన్నేళ్లుగా వికారాబాదులోను, తాండూరులోను మూడేళ్లలోపు పిల్లలను, వారి ఇంటివారిని ఒకచోట కూర్చోబెట్టి పాటలు పాడిస్తున్నాను. ఆ అనుభవంతో ఒక్క సంగతి చెప్పగలను. పసిబిడ్డకు పాట నేర్పే గురువును నేను కాదు, మీరే. మీ పాట బిడ్డకు మాట నేర్పుతుంది. బిడ్డ చెవులు బాగా పనిచేస్తున్నాయో లేదో కూడా మీ పాటే ముందుగా తెలియజేయగలదు.

బిడ్డ ఎప్పటి నుంచి వింటుంది?

ఆరవ నెల దాటేసరికి కడుపులోని శిశువు బయటి శబ్దాలను వినగలుగుతుంది. అన్నిటికంటే ఎక్కువగా వినేది తల్లి గొంతునే. 1980లో అమెరికాలో డికాస్పర్, ఫైఫర్ అనే పరిశోధకులు పుట్టి మూడు రోజులైనా నిండని శిశువులను పరీక్షించారు. నోట్లోని రబ్బరు పీకను ఒక విధంగా చప్పరిస్తే తల్లి గొంతు, మరొక విధంగా చప్పరిస్తే వేరొక స్త్రీ గొంతు వినబడేలా ఏర్పాటు చేశారు. శిశువులు తల్లి గొంతు వినబడే విధంగానే ఎక్కువగా చప్పరించారు.

2013లో అమెరికాలోని 11 ఆసుపత్రులలో నెలలు నిండకుండా పుట్టిన 272 మంది శిశువుల మీద ఒక అధ్యయనం జరిగింది. తల్లిదండ్రులు ఎంచుకున్న పాటను బిడ్డ దగ్గర మెల్లగా పాడినప్పుడు బిడ్డలు కుదుటపడ్డారు, పాలు తాగడం మెరుగైంది, తల్లిదండ్రుల ఆందోళన కూడా తగ్గింది. 2015లో కెనడాలోని మాంట్రియల్‌లో మరొక పరిశోధన జరిగింది. ఆరు నుంచి తొమ్మిది నెలల పిల్లలకు, వారికి తెలియని టర్కీ భాషలో పాట వినిపిస్తే సుమారు తొమ్మిది నిమిషాలు కలత పడకుండా ఉన్నారు. మాటలు వినిపిస్తే నాలుగు నిమిషాలకే విసుగు చెందారు.

కాబట్టి ఏ భాషలో పాడాలని సందేహించనక్కరలేదు. మన తాండూరు ప్రాంతంలో తెలుగువారు లాలి పాడతారు, ఉర్దూ మాట్లాడే తల్లులు లోరీ పాడతారు, కర్ణాటక నుంచి వచ్చిన కోడళ్లు జోగుళ పాడతారు. తండాలలోని తల్లులకు లంబాడీ పాటలున్నాయి. మీకు పుట్టింటి నుంచి వచ్చిన పాట ఏదో అదే పాడండి.

తరగతిలో ఏమి చేస్తాము?

చాప మీద అందరం గుండ్రంగా కూర్చుంటాము. బిడ్డ తల్లి ఒడిలోనో, నాయనమ్మ ఒడిలోనో ఉంటుంది. మొత్తం అరగంట.

1. మొదట ఒక్కొక్క బిడ్డ పేరును పాటలో పెట్టి పిలుస్తాము.
2. తరువాత మోకాళ్ల మీద కూర్చోబెట్టుకొని గుర్రం ఆట ఆడిస్తాము. తారంగం ఆడిస్తాము, చప్పట్లు కొట్టిస్తాము. పాట మధ్యలో ఒక్క క్షణం ఆగుతాము. బిడ్డ మీ ముఖం చూచి, కాళ్లు ఆడించి, 'ఊఁ' అని ఇంకా కావాలని అడుగుతుంది. మాటకు మాట బదులివ్వడం అక్కడే మొదలవుతుంది.
3. కొంగు చాటున ముఖం దాచి, పాడుతూ బయటికి వస్తాము.
4. చివరగా అందరం లాలి పాడి ముగిస్తాము.

బిడ్డ చప్పట్లు కొట్టకపోతే బలవంతం చేయకండి. కొందరు పిల్లలు తరగతిలో ఉలకరు పలకరు, ఇంటికి పోయాక అన్నీ చేస్తారు. ఏడిస్తే పాలిచ్చి మళ్లీ కూర్చోండి. తండ్రులు సిగ్గుపడి గుమ్మం దగ్గర నిలబడతారు. వారు కూడా లోపలికి వచ్చి కూర్చోవాలి. తండ్రి గొంతు కూడా బిడ్డకు అవసరమే.

అరగంట తరగతి చాలదు. స్నానం చేయించేటప్పుడు, అన్నం తినిపించేటప్పుడు, నిద్రపుచ్చేటప్పుడు రోజూ ఐదేసి నిమిషాలు పాడండి. అంగన్‌వాడీలో పూర్వ ప్రాథమిక విద్య మూడేళ్లు నిండిన పిల్లలకు మొదలవుతుంది. ఆ లోపు బడి మీ ఇల్లే. పుట్టినప్పటి నుంచి మూడేళ్ల వరకు ఆటపాటలతో బిడ్డను పెంచడం కోసం కేంద్ర ప్రభుత్వం 2024లో 'నవచేతన' అనే మార్గదర్శిని విడుదల చేసింది. మీ అంగన్‌వాడీ టీచరమ్మను దాని గురించి అడగండి.

ఫోనులో పాట పెడితే చాలదా?

చాలదు. బిడ్డ నవ్వితే ఫోను నవ్వదు, బిడ్డ ఆగితే అది ఆగదు. ఏడాదిలోపు పిల్లలకు తెర అసలు చూపించరాదని, రెండేళ్ల నుంచి రోజుకు ఒక గంట దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. మీ గొంతు బాగాలేదని వెనుకాడకండి. బిడ్డ శ్రుతి చూడదు, మీ ముఖం చూస్తుంది.

నేను చేసిన పొరపాటు

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. ఒక తల్లి ఏడాదిన్నర బిడ్డతో తరగతికి వచ్చేది. ఆ బిడ్డ అందరికంటే చక్కగా చప్పట్లు కొట్టేది. నేను ఆమెను మెచ్చుకున్నాను. "ఇంకా మాటలు రాలేదమ్మా" అని తల్లి అంటే, "కొందరికి ఆలస్యమవుతుంది, భయపడకు" అన్నాను. కొన్ని నెలల తరువాత ఒక రోజు నేను బిడ్డ వెనుక నిలబడి పాట మొదలుపెట్టాను. మిగిలిన పిల్లలందరూ తిరిగి చూశారు, ఆ బిడ్డ తిరగలేదు. గిన్నె మోగించినా తిరగలేదు. ఇన్నాళ్లూ మా చేతులు చూచి చప్పట్లు కొట్టిందే గాని పాట విని కాదు. పరీక్ష చేయిస్తే రెండు చెవులకూ వినికిడి లేదని తేలింది. ఆ నెలలను నేను తిరిగి ఇవ్వలేను. అందుకే అప్పటి నుంచి ప్రతి తరగతిలోను ఒక పాటను బిడ్డల వెనుక నుంచే పాడిస్తున్నాను. మీరు కూడా ఇంట్లో అలా చేయండి.

ఎప్పుడు అనుమానించాలి?

• పెద్ద శబ్దానికి పసికందు ఉలిక్కిపడకపోతే
• ఆరు నెలలు నిండినా గొంతు వచ్చిన వైపు తల తిప్పకపోతే
• ఏడాది వచ్చినా పేరు పిలిస్తే చూడకపోతే, 'బాబా, దాదా' వంటి పలుకులు లేకపోతే
• రెండేళ్లు వచ్చినా రెండు మాటలు కలిపి చెప్పకపోతే

వీటిలో ఏది కనబడినా "మా ఆయన కూడా ఆలస్యంగానే మాట్లాడాడు" అని ఊరుకోకండి, వైద్యులను సంప్రదించండి. ఇంట్లో చేసే పరీక్ష అనుమానం కలగడానికే గాని నిర్ధారణకు కాదు. ఒక వేళ బిడ్డ తిరిగి చూచినా, మీకు సందేహం ఉంటే పరీక్ష చేయించండి. నిద్రపోతున్న శిశువు చెవిలో చిన్న గొట్టం ఉంచి కొద్ది నిమిషాలలో చేసే ఓఏఈ పరీక్ష ఉన్నది. అది నొప్పి కలిగించదు. నెలలోపు పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు చికిత్స ప్రారంభం మంచిదని నిపుణులు చెబుతారు. వినికిడి యంత్రంతో గాని, అవసరమైతే కాక్లియర్ ఇంప్లాంట్‌తో గాని ఎంత త్వరగా వినిపిస్తే మాట అంత బాగా వస్తుంది. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఆరోగ్య బృందాలు అంగన్‌వాడీలకు వచ్చి ఆరేళ్లలోపు పిల్లలను పరీక్షిస్తాయి. వారు వచ్చిన రోజున బిడ్డను తప్పక చూపించండి.

మేనరికం వివాహాలు, గర్భిణికి రుబెల్లా సోకడం, తక్కువ బరువుతో పుట్టడం, పుట్టిన రోజులలో పచ్చకామెర్లు తీవ్రం కావడం, మెదడువాపు జ్వరం – ఇవి ఉన్నచోట మరింత జాగ్రత్త అవసరం. 9 నెలలు నిండగానే ఒకసారి, 16–24 నెలల మధ్య మరొకసారి మీజిల్స్–రుబెల్లా టీకా వేయించండి.

కొన్ని జాగ్రత్తలు

• బిడ్డ చెవిలో నూనె పోయవద్దు. పిన్నీసు, అగ్గిపుల్ల, దూదిపుల్ల పెట్టవద్దు. చెవి కారుతుంటే వైద్యునికి చూపించాలి.
• పెళ్లి ఊరేగింపులో డీజే పెట్టెల దగ్గర, నాపరాయి కోసే యంత్రాల దగ్గర బిడ్డను ఉంచవద్దు.
• ఖాళీ సీసాలో గుప్పెడు కందులు పోసి గిలక్కాయ చేయవచ్చు. అయితే మూత ఊడకుండా గట్టిగా బిగించి, పెద్దవారి చేతిలోనే ఉంచాలి. ఒక్క కందిగింజ ముక్కులోకో గొంతులోకో పోయినా ప్రమాదమే.
• ఆడించేటప్పుడు తల, మెడ ఆనించి పట్టుకోవాలి. ఏడుపు ఆపడం కోసం బిడ్డను ఎన్నడూ గట్టిగా కుదపరాదు.

చివరిగా ఒక మాట. వినికిడి లేదని తెలిసిన ఇంట్లో కూడా పాట మానవద్దు. ఒడిలో కూర్చోబెట్టుకొని, ముఖం కనబడేలా, చేయి పట్టి లయ వేస్తూ పాడండి. నేను చెప్పిన ఆ బిడ్డ తల్లి అలాగే పాడుతున్నది. బిడ్డ ఇప్పుడు యంత్రం పెట్టుకొని, వెనుక నుంచి పిలిస్తే తిరిగి చూస్తున్నది.

ఈ రాత్రి నిద్రపుచ్చేటప్పుడు మీ బిడ్డకు ఒక పాట పాడండి. రేపు ఒకసారి వెనుక నుంచి పాడి చూడండి.