మన ఊళ్లో ప్రభుత్వ ఆర్డర్లు: ధర కంటే ముందు ఏం చూడాలి?

"గవర్నమెంట్ ఆర్డర్లన్నీ తెలిసినవాళ్లకే వెళ్తాయి, మనకెందుకు బ్రో" అని చాలామంది అంటుంటారు. కొన్నిచోట్ల నిజమే కావచ్చు. కానీ ఒక్క టెండర్ కూడా తెరిచి చూడకుండా అనేవాళ్లే ఎక్కువ.

మీకు వరంగల్‌లో చిన్న వెల్డింగ్ యూనిట్ ఉందనుకోండి. బెంచీలు, ఇనుప ర్యాకులు చేస్తారు. మున్సిపల్ కార్పొరేషన్ టెండర్ల కోసం తెలంగాణ ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్ చూస్తారు. (ఆంధ్రా వాళ్లకు ఏపీ పోర్టల్ వేరే ఉంది.) బాగుంది. కానీ అదే ఊళ్లో ఎన్‌ఐటీ ఉంది, కేంద్రీయ విద్యాలయం ఉంది. వాటికీ బెంచీలు కావాలి కదా! అవి కేంద్రానివి కాబట్టి 2016లో మొదలైన జెమ్ పోర్టల్‌లో వెతకాలి.

జెమ్‌లో బిడ్లు చూడ్డానికి లాగిన్ కూడా అక్కర్లేదు. ఫోన్‌లో డాక్యుమెంట్ తెరవగానే 'మనం ఎంతకి కోట్ చేద్దాం' అని లెక్కలు మొదలుపెట్టకండి. ఎన్నేళ్ల అనుభవం అడిగారు, ఏడాదికి ఎంత టర్నోవర్ అడిగారు... ముందు అవి చూడండి. చిన్న పరిశ్రమలకు, స్టార్టప్‌లకు వాటిలో సడలింపు ఉందో లేదో కూడా అక్కడే రాసి ఉంటుంది. 'లేదు' అని ఉండి, మీకు అంత అనుభవం లేకపోతే ఆ బిడ్ వదిలేయండి. ఒక రాత్రి నిద్ర మిగులుతుంది.

తర్వాత ఈఎండీ, అంటే ధరావతు. మామూలుగా అంచనా విలువలో 2 నుంచి 5 శాతం. 10 లక్షల ఆర్డర్‌కి 20 వేల నుంచి 50 వేలు ముందే కట్టాలన్నమాట. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు కేంద్ర సంస్థల టెండర్లలో ఇది మినహాయింపు. రాష్ట్ర టెండర్లలో ఉందో లేదో ఆ టెండర్ పత్రంలోనే చూసుకోవాలి.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. సొంతంగా తయారు చేసేవాళ్లకు, సర్వీస్ ఇచ్చేవాళ్లకే ఈ మినహాయింపు. హోల్‌సేల్‌లో కొని అమ్మే ట్రేడర్‌కు ఉద్యమ్ సర్టిఫికెట్ వస్తుంది గానీ, ఈ లాభం రాదు. బ్యాంకు లోన్ విషయంలోనే అది పనికొస్తుంది.

సరే, ఆర్డర్ వచ్చింది. ఇనుము, కూలీలు, కరెంటు బిల్లు అన్నీ ముందు మీ జేబులోంచే. సరుకు తీసుకున్నాక 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. ఆలస్యమైతే వడ్డీ కూడా కట్టాలి, ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో కేసు వేయొచ్చు. చట్టం అలా ఉన్నా, బిల్లు మూడు నెలలు ఆగినా యూనిట్ నడుస్తుందా అని మీరు ముందే లెక్క వేసుకోండి. నడవదంటే చిన్న ఆర్డర్‌తో మొదలుపెట్టండి.

ఇంకో మాట. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కి ఫీజు లేదు. "ఐదు వేలు పంపండి, సర్టిఫికెట్ ఇప్పిస్తాం" అని ఫోన్ వస్తే కట్ చేసేయండి.